తఖ్దీరు – తద్బీరు : ఒక చిత్రం చెప్పే మాట

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలలో చదువు గురించి, ఉపాధి గురించి, వైద్య సహాయం గురించి మాట్లాడటం ఆనవాయితీ. మేము ఈవేళ ఒక బొమ్మను గురించి మాట్లాడబోతున్నాము. "బొమ్మల సంగతి మనకెందుకండీ, స్కాలర్‌షిప్పుల సంగతి చెప్పండి" అని ఎవరైనా అంటే తప్పు పట్టము. అయితే ఆ బొమ్మ దగ్గర మొదలుపెట్టినా, చివరకు వచ్చేది స్కాలర్‌షిప్పుల దగ్గరకే. కాస్త ఓపికపట్టి వినవలసిందిగా మనవి.

మన ఇండ్లలో రోజుకు పదిసార్లు వినబడే మాట ఒకటున్నది. అది నసీబు. వ్యాపారం దెబ్బతింటే నసీబు. అమ్మాయి చదువు ఏడో తరగతితో ఆగిపోతే నసీబు. అప్పు తీరకపోతే నసీబు. జ్వరం ముదిరి మనిషి పోతే అదీ నసీబే. ఇరుగుపొరుగువారు నొసటివ్రాత అంటారు, తలరాత అంటారు. మాట వేరైనా నిట్టూర్పు ఒకటే. ఉర్దూ తెలిసిన మన పెద్దలు మాత్రం ఈ సందర్భంలో రెండు మాటలు జంటగా వాడేవారు. ఒకటి తఖ్దీరు, అంటే దైవనిర్ణయం. రెండవది తద్బీరు, అంటే మనిషి చేసే ప్రయత్నం, పన్నే ఉపాయం. కాలక్రమాన మనం మొదటి మాటను ఉంచుకొని రెండవ మాటను జారవిడిచామేమో అని మాకనిపిస్తూ వుంటుంది. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూపించే చిత్రం ఒకటున్నది. దానిని గురించే మా ప్రసంగం.

ఆ చిత్రం పేరు "షాజహాను అంతిమ ఘడియలు". గీసినవారు అవనీంద్రనాథ ఠాగూరు. గీసిన సంవత్సరం 1902. నూనె రంగులతో వేసిన చిత్రం. పుస్తకాలలో దాని అచ్చు ప్రతులు మీలో కొందరు చూసే వుంటారు.

రాత్రివేళ. ఆగ్రా కోటలో యమున వైపు వున్న పాలరాతి మండపం. సన్నని స్తంభాలు, వాటి మీద లతలు, పువ్వులు. మండపంలో ఒక పడక. ఆ పడక మీద ముసలి చక్రవర్తి. ఆయన మనవైపు చూడటం లేదు. తల అటు తిప్పుకొని, స్తంభాల సందులోంచి దూరంగా మసక వెలుతురులో కనిపించే తాజమహలును చూస్తున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కూతురు జహనారా తల వంచుకొని కూర్చున్నది. అంతే. ఇంకెవరూ లేరు. దర్బారు లేదు, వింజామరలు లేవు, కత్తులు లేవు, హకీము కూడా లేడు.

మొగలు చిత్రకారులు షాజహానును ఎన్నోసార్లు చిత్రించారు. ఆ చిత్రాలలో ఆయన ముఖం పక్కనుంచి స్పష్టంగా కనబడుతుంది. తల చుట్టూ బంగారు కాంతి వలయం వుంటుంది. ప్రతి నగలోని ప్రతి ముత్యమూ లెక్క పెట్టుకోవచ్చు. అవనీంద్రనాథులు ఆ చిత్రాలను శ్రద్ధగా చూసినవారే. కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాల అధ్యక్షులు హావెల్ దొరగారి ప్రోత్సాహంతో మొగలు చిత్రాల పనితనం నేర్చుకొన్నవారే. ఆ స్తంభాలలోని నగిషీ అంతా అక్కడినుంచి వచ్చిందే. కాని చక్రవర్తి ముఖం దగ్గరకు వచ్చేసరికి ఆయన ఆ పద్ధతి విడిచిపెట్టారు. ముఖాన్ని మనకు కనబడకుండా తిప్పేశారు. దుఃఖంలో వున్న మనిషి ముఖాన్ని తేరిపార చూడకూడదన్న మర్యాద ఒకటున్నది గదా, ఆ మర్యాదే మాకు ఆ చిత్రంలో కనిపిస్తుంది.

చిత్రకారుడు ఎవరో, ఆయన మనసులో ఏమున్నదో కొంచెం చెప్పుకొందాం. అవనీంద్రనాథులు 1871 ఆగస్టు 7న కలకత్తా జొరాసాంకోలో పుట్టారు. విశ్వకవి రవీంద్రులకు అన్న కొడుకు వరుస. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. 1898 నాటికి కలకత్తాకు చేరింది. పేటలకు పేటలు ఖాళీ అయ్యాయి. ప్లేగు రోగిని ఇంట్లోంచి ఎత్తుకుపోతారన్న భయం ఒకవైపు, సూది వేస్తే చచ్చిపోతారన్న పుకారు ఒకవైపు. ఆ రోజులలో సోదరి నివేదిత వంటివారు మురికివాడలలోకి వెళ్ళి చీపురు పట్టి శుభ్రం చేశారు. జొరాసాంకో ఠాగూరులు కూడా తమకు చేతనైన సాయం చేశారు. అటువంటి ఇంట్లోకే ఆ జబ్బు వచ్చింది. అవనీంద్రుల చిన్న కూతురిని తీసుకుపోయింది.

బిడ్డ పోయిన తరువాత గీసిన చిత్రం ఇది. ఢిల్లీ దర్బారు సందర్భంగా 1902 చివర, 1903 మొదట జరిగిన కళా ప్రదర్శనలో దీనికి వెండి పతకం వచ్చింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకొన్నారు. తరువాతి కాలంలో ఆయనే చెప్పుకొన్నారు, ఆ చిత్రం అంత బాగా రావడానికి కారణం తన కూతురు పోయిన బాధనంతా అందులో పెట్టడమేనని.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి చనిపోతున్న బిడ్డను గీయలేదు. చనిపోతున్న తండ్రిని, అతని కాళ్ళ దగ్గర కూర్చున్న కూతురిని గీశాడు. తాను ముసలివాడై పడుకొన్ననాడు తన దగ్గర వుండవలసిన కూతురు ఇక వుండదు. ఆమె కూర్చోవలసిన చోటును బొమ్మలో నింపుకొన్నాడేమో అని మేమనుకొంటాము. మరొక సంగతి. ఆయన బెంగాలీ హిందూ కుటుంబం మనిషి. తన ఇంటి కడుపుకోతకు రూపమివ్వడానికి వెతుక్కొంటూ వెళ్ళి, రెండు వందల అరవై ఏళ్ళ క్రితం పాలించిన ఒక ముసల్మాను చక్రవర్తి పడక దగ్గర ఆగాడు. కన్నీటికి కులం, మతం లేవని ఉపన్యాసాలలో చెబుతాము. ఆయన చెప్పకుండా చూపించాడు.

ఇక బొమ్మలోని మనిషి కథ. షాజహాను అసలు పేరు ఖుర్రం. తండ్రి జహంగీరు మీద తిరుగుబాటు చేసి ఓడిపోయి, 1623లో దక్షిణానికి వచ్చాడు. గోల్కొండ రాజ్యం గుండా మన మచిలీపట్నం మీదుగా ఒరిస్సాకు, అక్కడినుంచి బెంగాలుకు వెళ్ళాడు. వెంట భార్య ముంతాజ్ వున్నది. మన తీరపు గాలి పీల్చి పోయిన మనిషే నన్నమాట. చివరకు తండ్రికి లొంగిపోయి 1626లో ఇద్దరు కొడుకులను, దారాషికోను, ఔరంగజేబును, హామీగా తాతగారి దగ్గరకు పంపవలసి వచ్చింది. అప్పటికి ఔరంగజేబుకు ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు.

1628లో సింహాసనం దక్కింది. ఆ సందర్భాన తమ్ముడు షహ్రియారును, అన్న కొడుకు దావర్ బఖ్షును, మరికొందరు రాకుమారులను చంపించి గద్దెనెక్కాడు. 1631లో బుర్హాన్‌పూరులో పధ్నాలుగవ కాన్పులో ముంతాజ్ చనిపోయింది. మరుసటి ఏడు తాజమహలు పని మొదలైంది. 1657 సెప్టెంబరులో చక్రవర్తికి జబ్బు చేసింది. నలుగురు కొడుకులూ గద్దె కోసం కత్తులు దూశారు. 1658లో ఆగ్రా దగ్గర సామూగఢ్ యుద్ధంలో దారా ఓడాడు. ఔరంగజేబు ఆగ్రా కోటను చుట్టుముట్టి, యమున నుంచి కోటకు వెళ్ళే నీటిని ఆపించాడు. మండువేసవి. దేశాన్ని ఏలిన చక్రవర్తి నీళ్ళు లేక కోట తలుపులు తెరిచాడు. ఆ జూన్ నెల నుంచి 1666 జనవరిలో కన్నుమూసేదాకా, ఏడున్నర సంవత్సరాలు, తాను పాలరాయితో అలంకరించుకొన్న కోటలోనే బందీ.

ఇప్పుడు చెప్పండి. ఇందులో తఖ్దీరు ఎంత, తద్బీరు ఎంత?

ముంతాజ్ కాన్పులో పోవడం అతని చేతిలో లేదు. ముసలితనాన జబ్బు చేయడం అతని చేతిలో లేదు. కాని షహ్రియారు చావు? అది షహ్రియారు నొసటివ్రాత అని షాజహాను అనుకొని వుంటే మనం ఒప్పుకొంటామా? అది వ్రాత కాదు, ఆజ్ఞ. తండ్రి మీద కత్తి ఎత్తడం, గద్దె కోసం సోదరుణ్ణి చంపించడం, ఇవన్నీ కొడుకులు చూసి నేర్చుకొనే వుంటారు. అన్నదమ్ములంటే గద్దెకు పోటీదారులని ఆ ఇంట్లో చిన్నప్పుడే తెలిసిపోయింది. కాబట్టి ఆ పడక మీది మనిషి బరువులో కొంత పైనుంచి వచ్చింది, కొంత తన చేతులతో తానే ఎత్తుకొన్నది. ఈ రెండింటినీ కలగాపులగం చేసి అంతా నసీబు అనడం చాలా సులువు. ఆ మాట ఎదుటివాడికి చేసిన అన్యాయాన్ని కూడా కప్పిపుచ్చుతుంది. మన వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికి అతని నసీబు అని పేరు పెట్టే హక్కు మనకు లేదు. ఇది చక్రవర్తులకే కాదు, కట్నం కోసం కోడలిని పుట్టింటికి పంపే అత్తమామలకూ వర్తిస్తుంది.

ఇక ఆ కాళ్ళ దగ్గర కూర్చున్న అమ్మాయి. అమ్మాయి అంటున్నాము గాని, తండ్రి పోయేనాటికి జహనారాకు యాభై దాటాయి. 1614లో పుట్టింది. తల్లి పోయేటప్పటికి పదిహేడేళ్ళు. అప్పటినుంచి ఆ ఇంటికి పెద్దదిక్కు ఆమే. చదువుకొన్నది. అజ్మీరు ఖాజాగారి చరిత్ర ఫారసీలో వ్రాసింది.

1644లో ఒక రాత్రి ఆమె పలుచని బట్టలకు దీపం అంటుకొని ఒళ్ళంతా కాలింది. ఆర్పబోయిన పరిచారికలకూ మంటలు తగిలి వారిలో కొందరు చనిపోయారు. షాజహాను దర్బారు పనులు తగ్గించుకొని కూతురి పడక దగ్గరే కూర్చున్నాడు. తన చేతులతో మందు రాశాడు. దువాలు చేయించాడు. బీదలకు దానాలు చేశాడు, ఖైదీలను విడిపించాడు. దువా చేయిస్తున్నాము గదా, మందెందుకు అనుకోలేదు. మందు వేస్తున్నాము గదా, దువా ఎందుకు అనుకోలేదు. రెండూ చేశాడు. నెలల తరబడి నరకయాతన పడి ఆమె కోలుకొన్నది. షాజహాను జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇది. తాజమహలు కట్టడానికి చక్రవర్తి కావాలి. కూతురి పుండుకు మందు రాయడానికి తండ్రి అయితే చాలు.

పధ్నాలుగేళ్ళు తిరిగేసరికి తండ్రి బందీ అయ్యాడు. జహనారా ఏం చేసింది? ముందే ఏడుస్తూ కూర్చోలేదు. కోట లొంగిపోయిన రోజులలో తానే తమ్ముడు ఔరంగజేబు దగ్గరకు వెళ్ళింది. రాజ్యాన్ని నలుగురు అన్నదమ్ములూ పంచుకోండి, రక్తం వద్దు అని రాయబారం నడిపింది. అతను ఒప్పుకోలేదు. తన చేతిలో వున్న తద్బీరు అంతా చేసి, ఇక లాభం లేదని తెలిసిన తరువాత, తండ్రి బందీఖానానే తన ఇల్లు చేసుకొన్నది. ఆ ఏడున్నరేళ్ళూ ఆయన దగ్గరే వున్నది. చివరి రోజులలో ఔరంగజేబును క్షమించమని తండ్రిని బతిమాలి ఒప్పించిందని కూడా చెబుతారు. తరువాతి కాలంలో ఆ తమ్ముడే ఆమెను ఎంతో గౌరవించాడు, అంతఃపురంలో ప్రథమస్థానం ఇచ్చాడు.

అవనీంద్రనాథుల బొమ్మలో ఆమె వంచిన తలను ఈ సంగతులన్నీ తెలిసి చూస్తే వేరుగా కనబడుతుంది. ఆ తల వంచింది ఓడిపోయి కాదు. చేయవలసిందంతా చేసిన తరువాత వచ్చే నిమ్మళంతో. అరబ్బీలో సబ్రు అనే మాటకు సహనం అని తేలికగా అర్థం చెబుతాము. ఊరకే పడివుండటం సబ్రు కాదు. నిలబడి వుండటం సబ్రు.

ఈ విషయంలో మన సంప్రదాయంలో ఒక గొప్ప సంఘటన వున్నది. చాలామంది విన్నదే అయినా మళ్ళీ చెప్పుకోవలసిందే. ఖలీఫా హజ్రత్ ఉమర్ గారు సిరియా వైపు ప్రయాణమై వెళుతున్నారు. 639 ప్రాంతం మాట. సర్గ్ అనే చోటుకు చేరేసరికి ముందు ప్లేగు వ్యాపించిందని కబురు వచ్చింది. పెద్దలతో ఆలోచించి వెనుదిరగాలని నిశ్చయించారు. అప్పుడు సేనాని అబూ ఉబైదా గారు, అల్లా నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని అడిగారు. ఉమర్ గారు ఇచ్చిన జవాబు భావం ఇది: అవును, అల్లా నిర్ణయం నుంచి అల్లా నిర్ణయం వైపుకే వెళుతున్నాము. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, ఒకవైపు బీడు వుంటే, ఒంటెలను పచ్చికలో మేపినా దైవనిర్ణయమే, బీడులో మేపినా దైవనిర్ణయమే గదా అని ఉపమానం కూడా చెప్పారు. అప్పుడే అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ గారు వచ్చి, అంటువ్యాధి వున్న చోటికి వెళ్ళవద్దని, వున్న చోట వ్యాధి వస్తే అక్కడినుంచి పారిపోవద్దని ప్రవక్తగారు చెప్పగా విన్నానని తెలియజేశారు. ఉమర్ గారు అల్లాకు కృతజ్ఞతలు చెప్పుకొని వెనుదిరిగారు.

మరి అబూ ఉబైదా గారు? ఆయన తన మనుషులు వున్న సిరియాకే వెళ్ళారు. ఆ ప్లేగులోనే కన్నుమూశారు. ఒకరు వెనుదిరిగారు, ఒకరు తమవారి మధ్యకు వెళ్ళారు. ఇద్దరినీ మనం గౌరవిస్తాము. బతకడానికి చేసే ప్రయత్నం విశ్వాసానికి లోటు కాదు. ప్రయత్నం చేసినా పోయినవాడు దేవుడికి కానివాడు కాదు. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుంచుకోవాలి.

కలకత్తా ప్లేగు రోజుల మాట మళ్ళీ తలచుకొందాం. 1897 జనవరి నాటికే హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయిలో ప్లేగుకు టీకా తయారు చేసి, మొట్టమొదట తన ఒంటి మీదే వేసుకొని చూశాడు. అయినా జనం భయపడ్డారు. 1898లో కలకత్తాలో టీకా పుకార్ల మీద అల్లర్లు కూడా జరిగాయి. నూట ఇరవై యేళ్ళు గడిచి 2020లో కరోనా వచ్చినప్పుడు మన వీధులలో విన్న మాటలు వేరేమైనా వున్నాయా? టీకా వేయించుకొంటే అది అవుతుంది, ఇది అవుతుంది అన్నారు. రాసిపెట్టి వుంటే ఎలాగూ పోతాము అన్నారు. ఆ మాటే అన్న మనిషి వీధి దాటేటప్పుడు ఇటూ అటూ చూసుకొని దాటుతాడు. నసీబు మీద అంత నమ్మకమైతే కళ్ళు మూసుకొని దాటవచ్చు గదా! ఒంటెను ముందు కట్టెయ్యి, ఆ తరువాత దేవుడి మీద భారం వెయ్యి అని ప్రవక్తగారు ఒక పల్లెటూరి మనిషికి చెప్పిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. మనకు తవక్కుల్ అంటే ఏమిటో అంతకంటే విడమరిచి ఎవరు చెప్పగలరు?

అదే సమయంలో రెండవ వైపు కూడా చూడాలి. 2020, 2021 సంవత్సరాలలో మనలో ఎందరో తల్లిదండ్రులను, తోడబుట్టినవారిని పోగొట్టుకొన్నారు. ఆసుపత్రులకు పరుగెత్తినవారున్నారు. ఆక్సిజన్ సిలిండరు కోసం రాత్రంతా ఫోన్లు చేసినవారున్నారు. నగలు అమ్మినవారున్నారు. అన్నీ చేసినా మనిషి దక్కలేదు. జనాజా నమాజుకు నలుగురే నిలబడ్డారు. ఆఖరిచూపు దక్కని పిల్లలున్నారు. వాళ్ళు ఈనాటికీ, ఇంకో ఆసుపత్రికి తీసుకుపోతే బతికేవారేమో, ఒకరోజు ముందు వెళితే బాగుండేదేమో అని లోపల్లోపల కుమిలిపోతూ వుంటారు. తఖ్దీరు అనే మాట వున్నది వాళ్ళ కోసం. చేయగలిగింది చేశావు బిడ్డా, ఇక నిన్ను నువ్వు కోసుకోవద్దు అని చెప్పడానికే ఆ మాట. అది మందు. పుండు పడిన తరువాత రాయవలసిన మందును పుండు పడకముందే మింగేసి, ఇక నాకేమీ చేయనక్కరలేదు అని పడుకొంటే అది మత్తుమందు అవుతుంది.

షాజహాను ఖననం సంగతి కూడా చెప్పాలి. జహనారా తండ్రికి చక్రవర్తికి తగిన అంతిమయాత్ర జరపాలనుకొన్నది. అది సాగలేదు. కొద్దిమంది మనుషులు శవపేటికను కోటలోంచి తీసుకెళ్ళి, నది మీదుగా తాజమహలుకు చేర్చి, ముంతాజ్ పక్కన పెట్టారు. తాజమహలులో ప్రతిదీ ఇటొకటి వుంటే అటొకటి వుంటుంది. మినారులు, తోటలు, కాలువలు, అన్నీ సరిసమానం. సరిగ్గా మధ్యన ముంతాజ్ సమాధి. షాజహానుది మాత్రం పక్కకు వున్నది. ఆ కట్టడం మొత్తంలో ఆ లెక్క తప్పింది అక్కడే. ఎంత కొలిచి కట్టినా తన చివరి చోటు తన కొలతలో లేదు. తద్బీరు ఆగిపోయి తఖ్దీరు మొదలయ్యే గీత ఎక్కడున్నదో చూడాలంటే అక్కడ చూడవచ్చు.

ఇంతవరకు విన్నవారు, సరేనండీ, ఇంతకూ మమ్మల్ని ఏం చేయమంటారు అని అడగవచ్చు. మేము పెద్ద మాటలు చెప్పము. ఇకమీదట నసీబు అనే మాట నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, మనల్ని మనం మూడు ప్రశ్నలు వేసుకొందాం.

మొదటిది, ఇది నిజంగా ఎవరి చేతిలోనూ లేనిదేనా? పిల్ల తెలివైనది, హైస్కూలు రెండు మైళ్ళ దూరం, అందుకని మానిపించాము అంటే అది పిల్ల నసీబు కాదు, రెండు మైళ్ళ దూరం. దూరానికి సైకిలు మందు, తోడుగా వెళ్ళే మరో నలుగురు పిల్లలు మందు. మన సంఘం వంటి సంఘాలు ఇచ్చే స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టడం మందు. ప్రసంగం స్కాలర్‌షిప్పుల దగ్గరకే వస్తుందని ముందే మనవి చేశాము. గడువు దాటిన తరువాత వచ్చి, మా నసీబులో లేదు లెండి అనేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. నసీబులో లేకపోవడం వేరు, పోస్టులో వేయకపోవడం వేరు.

రెండవది, ఇది ఎవరైనా చేసిన అన్యాయమా? అయితే దానికి నసీబు అని పేరు పెట్టకూడదు. మెహరు ఇవ్వకుండా భార్యను విడిచిపెట్టినవాడు, తమ్ముడి వాటా ఇవ్వని అన్న, కూలి ఎగ్గొట్టిన యజమాని, వీళ్ళు చేసినదాన్ని దేవుడి ఖాతాలో రాయవద్దు. పెద్దలు కూర్చొని అడగాలి, అవసరమైతే చట్టం సాయం తీసుకోవాలి.

మూడవది, చేయవలసినవన్నీ చేశామా? చేశామంటే ఇక మిగిలినదాన్ని ఒప్పుకొందాం. ఒకరినొకరు నిందించుకోవద్దు. మరణవార్త విన్నప్పుడు మనమందరం పలికే ఆ నాలుగు మాటలలో వున్న ధైర్యాన్ని నిజంగా మనసుకు పట్టించుకొందాం.

ఈ మూడింటి తరువాత మిగిలేది ఇంకొకటున్నది. మళ్ళీ ఆ బొమ్మలోకి చూడండి. పడక మీద వున్న మనిషి తన వ్రాతను తాను ఒప్పుకోవాలి. అది ఇంకెవరూ అతని తరఫున చేయలేరు. కాని ఒప్పుకొనే మనిషి పక్కన ఒకరు కూర్చోవాలి. ఆ పని వ్రాత మీద వదిలిపెట్టింది కాదు. జహనారాను అక్కడ కూర్చోబెట్టింది ఆమె మనసే. సంక్షేమ సంఘం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ కాళ్ళ దగ్గర చోటును ఖాళీగా వుంచకుండా చూసేది అని చెబుతాము. చావు జరిగిన ఇంటికి మూడు పూటలు అన్నం పంపడం, విధవరాలి పింఛను కాగితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగడం, ఒంటరి ముసలివాళ్ళ తలుపు తట్టి ఎలా వున్నారు చాచా అని అడగడం, ఇవన్నీ ఆ చోటులో కూర్చోవడమే. ఎదుటి మనిషికి నీ నసీబు అంతే అని చెప్పి వెళ్ళిపోవడం తేలిక. ఆ మాట అనకుండా పక్కన కూర్చోవడమే కష్టం.

జహనారా 1681లో కన్నుమూసింది. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియాగారి దర్గా ఆవరణలో ఆమె సమాధి వున్నది. చుట్టూ పాలరాతి జాలీ వున్నది గాని పైన కప్పు లేదు. సమాధి మీద రాతిపలక బదులు మట్టి, మట్టిలో గడ్డి. తన సమాధిని పచ్చిగడ్డి తప్ప మరేదీ కప్పవద్దన్న ఆమె కోరిక అక్కడి రాతి మీద చెక్కి వున్నది. తాజమహలు కట్టించినవాడి కూతురు అడిగింది గడ్డి. ఆ గడ్డికి కూడా ఎవరో ఒకరు నీళ్ళు పోయవలసిందే గదా!

అవనీంద్రనాథులు కూడా ఆ దుఃఖంతో ఆగిపోలేదు. 1905లో కలకత్తా చిత్రకళాశాల ఉపాధ్యక్షులయ్యారు. ఎందరో శిష్యులను తయారు చేశారు. ఆ బెంగాలు బాణీ మన మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు కూడా వచ్చింది. ప్రమోద్ కుమార్ చటర్జీ గారు అక్కడ చిత్రకళ నేర్పితే, మన అడివి బాపిరాజు గారు నేర్చుకొన్నారు. 1623లో ఓడిపోయిన రాకుమారుడు దాటివెళ్ళిన ఊరికే, మూడు వందల ఏళ్ళ తరువాత అతని చివరి రాత్రిని చిత్రించినవాడి కళ వచ్చి చేరడం చిత్రమైన సంగతి. బిడ్డ పోయిన ఇంట్లో మూల కూర్చొని వుండిపోతే ఆయనను ఎవరూ తప్పు పట్టేవారు కాదు. లేచి, కుంచె పట్టుకొన్నారు.

మన పిల్లలకు చేతనైనంత తద్బీరు, తద్బీరు అయిపోయిన చోట తఖ్దీరును మోయగల గుండె, ఆ రెండింటి మధ్య పక్కన కూర్చొనే మనుషులు, ఈ మూడూ అల్లా ప్రసాదించుగాక అని దువా చేస్తున్నాము.